మూడు పిస్టళ్లు, పది తూటాలు

కాగితం ఇంకా బల్ల మీదే ఉంది. పొద్దున్న పదింటికి పెట్టారు, ఒంటిగంట దాటింది. సంతకం మాత్రం పడలేదు.

ఈ కథ మొదటినుంచీ చదువుతున్నవాళ్లకి ఆ కాగితంలో ఏముందో చెప్పక్కర్లేదు. ఇవాళే చేతిలోకి తీసుకున్నవాళ్లు నాలుగు మాటల్లో వినండి. హైవే నిఘా దళంలో ఎస్సై సత్యశ్రీ. కూర్మన్నపాలెంలో పెరిగిన పిల్ల, తండ్రిది స్టీల్‌ప్లాంటులో ఉద్యోగం. ఇరవై రోజుల కిందట పద్మనాభం రోడ్డు మీద, పట్టపగలు, గంజాయి మూటలతో వస్తున్న తెల్ల వ్యానుని ఆపింది. ఆగినట్టే ఆగిన ఆ వ్యాను ఒక్క ఊపున వెనక్కి దూకింది. వెనకాల కానిస్టేబుల్ ఎల్లాజీ ఉన్నాడు. సత్యశ్రీ టైరుకి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కింది. టక్కుమంది, అంతే. స్లైడు లాగి మళ్లీ నొక్కింది. మళ్లీ టక్కే. మూడోసారి తూటా సగం దూరి ఇరుక్కుంది. ఇక ముందుకు పోదు, వెనక్కి రాదు. ఆ కాసేపట్లోనే వ్యాను ఎల్లాజీ కుడికాలి మీంచి వెళ్లిపోయింది. మోకాలి కిందినుంచి కాలు తీసేశారు.

తరతరాలుగా సముద్రం మీద వేటకి వెళ్లే ఇంట్లోంచి మొదటిసారి యూనిఫాం వేసుకున్నవాడు ఎల్లాజీ. ఆస్పత్రి వరండాలో అతని పెళ్లాం సీతాలు ఏడవలేదు, తిట్టలేదు. “మీ తుపాకీ పేలుంటే మా ఆయన కాలు ఉండును గదమ్మా” అంది. సత్యశ్రీకి ఇరవై రోజులుగా ఆ ఒక్కమాటే చెవిలో మోగుతోంది.

విచారణ అధికారి ఎవరనుకున్నారు? ఆ దళానికే పెద్ద, డీఎస్పీ సాయిశంకర్. ఆయన తేల్చింది ఏమిటంటే, ఆయుధం మంచిదే, ఎస్సై దాన్ని శుభ్రంగా ఉంచుకోలేదు. ఆ మాటే కాగితం మీద రాయించి, “నా నిర్లక్ష్యం వల్లే నా పిస్టల్ పనిచేయలేదు, కానిస్టేబుల్‌కి జరిగిన నష్టానికి నేనే బాధ్యురాలిని” అని ఒప్పుకోమన్నారు. సాయంత్రం నాలుగింటిలోగా సంతకం పెడితే చిన్న శిక్షతో సరిపెడతారట. పెట్టకపోతే ఉద్యోగంలోంచి తీసేయమని పైకి రాస్తారట. సీలు వేసి ల్యాబుకి పంపిన పిస్టల్ గురించి రిపోర్టు ఇంకా రానేలేదు. అది వచ్చేలోగా మూసెయ్యాలని ఎందుకంత తొందరో ఆయనకే తెలియాలి.

పిస్టల్‌ని శుభ్రంగా ఉంచుకోలేదట. ఈ మాట తల్చుకున్నప్పుడల్లా సత్యశ్రీకి అరికాలి మంట నెత్తికెక్కుతోంది. ఆదివారం పొద్దున్న అందరూ ఇడ్లీ తింటుంటే తను పాత తువ్వాలు పరుచుకుని పిస్టల్ విడదీసి తుడుచుకునేది. ఆ సంగతి వాళ్లమ్మకి తెలుసు, వీధిలో వాళ్లకి తెలుసు. ఒక్క డీఎస్పీకే తెలియదు.

అసలు ఆ పిస్టల్ ఆమెకి మూడోది. మొదటిది నవంబరులో మొరాయించింది. ఒక లారీ దగ్గర గొడవై, గాల్లోకి ఒక్క హెచ్చరిక పేల్చబోతే టక్కుమని ఊరుకుంది. లారీవాళ్లు నవ్వారు. రెండోది డిసెంబరులో. డ్యూటీ దిగి ఖాళీ చేయబోతే గొట్టంలో తూటా పట్టేసింది, ఊచ పెట్టి పొడిస్తేగాని ఊడలేదు. రెండుసార్లూ ఆయుధాల గది హెడ్‌కానిస్టేబుల్ గురునాథరావు ఆ పిస్టల్ తీసుకుని, విప్పి, ఊది, ఇసుకలోకి ఐదు రౌండ్లు పేల్చి చూశాడు. ఐదూ పేలాయి. పిస్టల్లో తప్పు కనబడలేదు. అయినా ఆ పిల్ల మనసు కుదుటపడాలని మార్చి ఇచ్చాడు. మూడోది తనే బీరువా అంతా వెతికి ఏరాడు. ఇది మాట వినే పిస్టలమ్మా, కళ్లు మూసుకుని నమ్ముకో అన్నాడు. ఆమె నమ్ముకుంది. నమ్ముకుంటే ఎల్లాజీ కాలు పోయింది.

ఆ తర్వాత స్టేషన్లో పుట్టిన హాస్యాలకి లెక్కలేదు. పెళ్లి సంబంధాలకన్నా ఎక్కువ పిస్టళ్లు చూసింది, ఒక్కటీ నచ్చలేదు అని ఒకడు. ఆడవాళ్ల చేతికి అట్లకాడ ఇచ్చినా పేలదు అని ఇంకొకడు. ఆమె నడుముకి ఇప్పుడు ఖాళీ తొడుగే వేలాడుతోంది, ఆయుధం తీసేసుకున్నారు. ఆ ఖాళీ తొడుగుని చూసి నవ్వినవాళ్లు తమ నడుముకున్నది ఒక్కసారైనా తీసి పేల్చి చూశారా? లేదు. అవసరం రాలేదు కాబట్టి అందరూ శూరులే.

రెండు కావొస్తుంటే తోటి ఎస్సై ఉదయ్‌కుమార్ నలుగురు మనుషుల్ని తీసుకుని బయల్దేరాడు. హైవే మీద రెండు కిలోమీటర్లలోపే ఉన్న కల్వర్టు దగ్గర తనిఖీ. ఎల్లాజీని తొక్కిన తెల్ల వ్యాను మళ్లీ తిరుగుతోందని కబురొచ్చింది. వెళ్తూ వెళ్తూ సత్యశ్రీ బల్ల దగ్గర ఆగి, పెట్టకు సత్యా, ఆ సంతకం మాత్రం పెట్టకు అని గొణిగి వెళ్లాడు. స్టేషన్ మొత్తంలో ఆమెని చూసి నవ్వనివాడు అతనొక్కడే.

ఆమె లేచి మొహం కడుక్కుందామని పెరట్లోకి వెళ్లింది.

కుళాయి దగ్గర పాపాయమ్మ గొంతుక్కూర్చుని ఇత్తడి కుందులు తోముతోంది. స్టేషన్లో ఊడ్చేది, టీ పెట్టేది, శుక్రవారం అమ్మవారి పటం ముందు దీపం వెలిగించేది ఈ పాపాయమ్మే. అరవై ఏళ్లుంటాయి. రేపు శుక్రవారం కాబట్టి చింతపండు పిప్పితో కుందుల పని పడుతోంది. ఎస్సైని చూసి పక్కకి జరిగింది. ఈ అమ్మాయి మొహం ఇలా వాడిపోయి ఉంటే ఆ ముసలిదానికి మనసొప్పలేదు. ఏదో ఒకటి మాట్లాడించాలని మొదలుపెట్టింది.

“ఎంత తోమినా ఈ కుందులు నల్లగానే ఉంటన్నాయి ఎస్సైయమ్మా. మీ తూటాలే నయం. ఒక్కపాలి తోమితే బంగారమైపోనాయి.”

దోసిట్లో పట్టిన నీళ్లు సత్యశ్రీ వేళ్ల సందుల్లోంచి కారిపోయాయి. ఆమె వంగినదల్లా అలాగే ఆగింది.

“ఏటన్నావ్ పాపాయమ్మా? ఏ తూటాలు?”

“దసరాకి తోమినాను గదా, పూజకెట్టినవి. రెండు బేసిన్లు. సింతపండు పులుసులో నానెట్టి, పీసుతోటి తోమి, రెండు నీళ్లు మార్చి జాడించినాను. సేటలో ఎండెట్టి కొబ్బరినూని కూడా రాసినాను. తోమేటప్పుడు పేల్తాయేమోనని బయమేసింది గాని, పెద్దసారే అన్నారు, నీళ్లలో ఉన్నవి పేలవే అని.”

గర్వంగా చెప్పింది ఆ మాట. పెద్దసారు తన పనితనం మెచ్చుకుని కొత్తచీర పెట్టారని కూడా చెప్పింది.

సత్యశ్రీ కుళాయి గట్టు మీద కూలబడింది. దసరా ముందురోజు ఆనవాయితీ ప్రకారం దళంలో అందరూ ఆయుధాలూ తూటాలూ పూజకి అప్పజెప్పారు. గులాబీ రంగు కాగితం పరిచిన బల్లల మీద పిస్టళ్లు, వాటికి పసుపు కుంకుమ బొట్లు, ముందు పళ్లేల్లో తూటాలు. తను గుడి దగ్గర బందోబస్తుకి వెళ్లి, మర్నాడు వచ్చి తన పదీ తను తీసుకుంది. తళతళలాడుతున్నాయి. అబ్బ, కొత్తవాటిలా ఉన్నాయే అని మురిసిపోయింది కూడా. ఇప్పుడా మురిపెం గుర్తొస్తే తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

పాపాయమ్మని పట్టుకుని వివరం అంతా అడిగింది. ముసలిది దాచడానికేముంది, అడిగినదానికల్లా చెప్పింది. పూజకి పెద్ద పెద్దవాళ్లొస్తారు, టీవీవాళ్లొస్తారు అని పెద్దసారు ముందురోజే వచ్చి పళ్లేలు చూసుకున్నారట. తూటాలు మసిబారి ఉన్నాయని చిరాకుపడ్డారట. ఇత్తడే కదా, పాపాయమ్మకిస్తే తోముతుంది అన్నారట. మీ గురునాథరావు బాబు ఉంటే ఏమనేవాడో గాని ఆ వారం ఆయన కంటి ఆపరేషనని సీతమ్మధారలో ఉన్నాడు గదా అంది పాపాయమ్మ. ఆవిడ తప్పు ఇసుమంతైనా లేదు. ఇత్తడి బిందెకీ తూటాకీ తేడా తెలియాల్సింది బిందెలు తోమేవాళ్లకి కాదు. తెలియాల్సినవాడు భుజాల మీద నక్షత్రాలు పెట్టుకుని తోమించాడు.

ఆయుధాల గదిలో గురునాథరావు ఒంటరిగా ఉన్నాడు. పద్మనాభం వైపు రైతు కుటుంబం ఆయనది, సత్యశ్రీ తండ్రికి ఎరిగున్నవాడు. నలుగురిలో ఉంటే ఆమె గురునాథరావు గారూ అంటుంది, ఎవరూ లేకపోతే బాబాయ్ అంటుంది. ఇవాళ ఏ పిలుపూ లేకుండా, గుమ్మంలోంచే, విన్నదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. చెబుతుంటే ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

“నీళ్లల్లో ఏసినారా?” అన్నాడు. “తూటాల్ని నీళ్లల్లో ఏసినారా?”

తర్వాత ఆయన చెప్పింది ఆమెకి సగం తెలిసిందే, సగం తెలియనిది. తూటా అడుగున గుండ్రంగా చిన్న బిళ్ల ఉంటుంది. పిన్ను వచ్చి దాని మీద కొడితేనే నిప్పు పుట్టేది. పాత తూటాకి ఆ బిళ్ల అంచుల్లోంచి నీళ్లో నూనో లోపలికి ఊరితే అది తడిసిన అగ్గిపుల్లే, ఎన్నిసార్లు గీసినా వెలగదు. ఇక చింతపండు పులుసు సంగతి వంటింట్లో అందరూ ఎరిగిందే. తోమిన రోజు మెరుస్తుంది. సరిగ్గా కడగకపోతే నాలుగు రోజుల్లో ఇత్తడి పచ్చగా చిలుమెక్కుతుంది. ఆ చిలుము గరుకు పట్టిన తూటా గొట్టంలోకి జారదు, జారితే బయటికి రాదు.

“మరి నువ్వు ఇసుకలోకి పేల్చినవన్నీ పేలాయి కదా” అని అడిగింది.

పేలవా మరి. అవి ప్రాక్టీసు పెట్టెలోవి, ఆ పెట్టె డిసెంబరులోనే ఖాళీ అయిపోయింది. పూజకి పెట్టినవి కావు. ఆమె పిస్టల్ మారుస్తూ వచ్చింది, తూటాలు మాత్రం అవే. ఎస్సై పేరున ఇచ్చిన పది రౌండ్లు ఎస్సైతోనే ఉండాలి, పిస్టల్ మారితే కొత్త పిస్టల్లోకి ఆ పదే ఎక్కాలి. దళం పుట్టినప్పటినుంచీ అదే పద్ధతి. నవంబరులో టక్కుమన్న తూటాని సైతం గురునాథరావు తుడిచి తిరిగి ఆమె పదింట్లోనే కలిపాడు. పేలని రౌండుని పక్కనపెట్టాలంటే పదిమందికి జవాబు రాసుకోవాలి, ఎందుకొచ్చిన తద్దినం అని. రోగం ఒకచోట ఉంటే మందు ఇంకొకచోట రాసుకుంటూ పోయారు మూడు పిస్టళ్ల దాకా.

“పిస్టల్ని పదిసార్లు సూసినాను తల్లీ. తూటాని ఒక్కపాలీ సూడనేదు. ముప్పై రెండేళ్ల సర్వీసు నాది. సూడనేదు.” ఆయన తల దించుకున్నాడు.

ఆ మాటకి ఆమె కోపం ఆయన మీంచి దిగిపోయింది. దిగి ఎక్కడికి వెళ్లాలో అక్కడికే వెళ్లింది. అప్పుడే మరో సంగతి తట్టి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బేసిన్లలో మునిగింది ఆమె పది ఒక్కటే కాదు. దళం మొత్తానివి. ఉదయ్‌కుమార్, అతనితో వెళ్లిన నలుగురు, అందరి నడుములకీ పాపాయమ్మ తోమిన తూటాలే ఉన్నాయి. వాళ్లని వెనక్కి పిలవాలంటే డీఎస్పీ మాట కావాలి.

నాలుగింటిదాకా ఆగలేదు సత్యశ్రీ. తలుపు తట్టకుండానే లోపలికి వెళ్లింది. వెనకాలే గురునాథరావు.

సాయిశంకర్ మంచి బట్ట, మంచి సెంటు, మంచి మాట ఉన్న మనిషి. ఆయన కుర్చీ వెనక గోడకి దసరా పూజ ఫొటో పెద్దది ఫ్రేము కట్టి ఉంది. హారతి ఇస్తున్న ఆయన, ముందు పళ్లేల్లో మిలమిలా మెరుస్తున్న తూటాలు. సాక్ష్యం కోసం ఊరంతా తిరగాల్సిన పని లేకుండా ఆయనే గోడకి మేకు కొట్టి వేలాడదీసుకున్నాడు.

సంతకం చేశావా అని అడిగాడాయన. చెయ్యలేదని చెప్పి, ముందు ఉదయ్‌కుమార్‌ని వెనక్కి పిలిపించండి సార్ అంది. ఎందుకో చెప్పింది. చింతపండు, బేసిను, కొబ్బరినూనె, అన్నీ చెప్పింది. ఆయన ఆఖరిదాకా విన్నాడు. విని నవ్వాడు.

“ఆడలేక మద్దెల ఓడు అన్నదంట వెనకటికొకావిడ. మొదట పిస్టల్ బాలేదన్నావు. మూడు మార్చాం. ఇప్పుడు తూటాలు బాలేవంటున్నావు. రేపు గాలి బాలేదంటావు. అమ్మవారి ముందు పెట్టడానికి తూటాలు తుడిపించడం కూడా నేరమేనా?”

“తుడిపించలేదు సార్. కడిగించారు.”

“ఏదైతేనేం. నా రౌండ్లు కూడా ఆ పళ్లెంలోనే ఉన్నాయి. నేనేమైనా ఏడుస్తున్నానా?”

ఆ మాట వినగానే ఆమెకి దారి దొరికింది. దొరికిందనే అనుకుంది పాపం. పెరట్లో ఇసుక గుంట ఉంది, డ్యూటీ దిగినవాళ్లు పిస్టల్ ఖాళీ చేసేది దాంట్లోకే. మీ పిస్టల్ తీసి ఒక్కసారి ఆ ఇసుకలోకి పేల్చండి సార్, పేలితే మీ కళ్లముందే సంతకం పెడతాను, పేలకపోతే ఆ కాగితం చింపెయ్యండి అంది. ఒక ఎస్సై డీఎస్పీతో అనే మాటేనా అది? కాదు. కానీ ఒక మనిషి కాలు పోయాక మర్యాదలు ఎవరికి గుర్తుంటాయి?

గద్దిస్తాడనుకుంది. కసురుతాడనుకుంది. ఆయన చక్కగా లేచి, బెల్టు సర్దుకుని, పద అన్నాడు. కాగితం కూడా పట్టుకురమ్మన్నాడు.

అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడో ఆమెకి ఆ క్షణాన తట్టలేదు.

పెరట్లోకి స్టేషన్ అంతా వచ్చింది. రైటరు, సెంట్రీ, మిగిలిన కానిస్టేబుళ్లు. కుందులు పక్కనపెట్టి పాపాయమ్మ చెవులు మూసుకుంది. సాయిశంకర్ పిస్టల్ తీశాడు, స్లైడు లాగాడు. సాఫీగా జారింది. ఇసుకలోకి గురిపెట్టి నొక్కాడు.

ఢామ్మంది.

కాకులన్నీ గోడ మీంచి లేచిపోయాయి. ఇసుక చిమ్మింది. ఆయన పిస్టల్‌ని మళ్లీ నడుముకి పెట్టుకుని, జేబులోంచి పెన్ను తీసి సత్యశ్రీకి అందించాడు. పెద్దరికంగా, జాలిగా అందించాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె పెన్ను తీసుకుంది. మాట మాటే. గోడకి ఆనించి కాగితం పట్టుకుంటే అక్షరాలు కనిపించలేదు. కళ్లల్లో నీళ్లు నిండాయి. అవి ఏడుపు నీళ్లు కావు, ఒళ్లుమంట. ఆస్పత్రి వరండాలో సీతాలుకి ఇక తను జన్మలో జవాబు చెప్పలేదు.

గురునాథరావు మాత్రం ఆమె వైపు చూడలేదు. ముప్పై రెండేళ్ల అలవాటు ఆయనది. ఎవరు ఎక్కడ ఒక్క రౌండు పేల్చినా ఇత్తడి తొడుగు ఏరి పెట్టెలో వెయ్యందే ఆయనకి అన్నం సహించదు. ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో పట్టనట్టు వంగి ఇసుక గట్టు పక్కన వెతికి, ఇంకా వేడిగా ఉన్న తొడుగుని జేబురుమాలుతో తీశాడు. అలవాటుగా అడుగు తిప్పి చూశాడు. తయారైన సంవత్సరం అక్కడే గుద్ది ఉంటుంది. ఆపరేషను చేయించుకున్న కంటికి దగ్గరగా పెట్టుకుని ఇంకోసారి చూశాడు.

“మేడం, సంతకం ఎట్టకండి.”

అందరూ అటు తిరిగారు. ఆయన తొడుగుని పైకెత్తి చూపించాడు.

“ఇది పోయినేడాది తయారైన తూటా. మన దళానికి ఆ ఏడాది సరుకు ఒక్కటీ రానేదు. నా బీరువాలోంచి మీ అందరి నడుములకీ ఎక్కినవన్నీ ఎనిమిదేళ్ల కిందటివి. దసరా పళ్లెంలో ఎట్టినవీ అయ్యే. ఈ తూటా ఆ పళ్లెంలోది కాదు.”

 నవ్వినవాడి నవ్వు మొహం మీదే ఎండిపోయింది.

సాయిశంకర్ గొంతు సవరించుకున్నాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు తనే మొదలుపెట్టాడు. ఆఫీసర్లు రౌండ్లు మార్చుకోవడం మామూలేనట. పై ఆఫీసు ఆయుధాల గదికి వెళ్లినప్పుడు పాతవి ఇచ్చి కొత్తవి తెచ్చుకున్నాడట. ఎల్లాజీ సంగతి రిపోర్టు చెయ్యడానికి మర్నాడు ఎలాగూ వెళ్లాల్సి వచ్చిందట, పనిలో పనిగా మార్పించుకున్నాడట. అందులో తప్పేముంది అన్నాడు.

మర్నాడు. ఆ ముక్క నోట్లోంచి జారాక ఆయనకీ తెలిసింది జారిందని.

సత్యశ్రీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. చింపలేదు. పనికొస్తుందని జేబులో పెట్టుకుంది. ఇరవై రోజులుగా లోపల ఉడుకుతున్నదంతా పైకి వచ్చింది గాని ఆమె గొంతు పెంచలేదు.

“అంటే మీకు మర్నాడే తెలుసు సార్. ఎల్లాజీకి కాలు తీస్తున్న రోజునే తెలుసు. తెలిసి మీ పదీ మార్చుకున్నారు. మావి మా నడుములకే ఉంచారు. మీవి పేలితే చాలు. మావి పేలకపోతే మా నిర్లక్ష్యం.”

 సెంట్రీ డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ మెల్లగా తన మేగజైన్ బయటికి లాగాడు. మొదటి తూటాని గోటితో తీసి వెలుగులో పెట్టి చూశాడు. అంచు చుట్టూ పచ్చగా చిలుము. పక్కవాడు తనది తీశాడు. వాడిదీ అంతే. ఇందాక అట్లకాడ హాస్యమాడింది వాడే. ఇప్పుడు వాడి పెదాలు తడారిపోయాయి. ఇన్నాళ్లూ వీటిని నమ్ముకుని రోడ్ల మీద నిలబడ్డామా అని ఎవరూ పైకి అనలేదు. పాపాయమ్మ ఒక్కతే, సంగతి సగమే అర్థమై, తన చేతుల వంక చూసుకుంటూ, నేనేటి చేసినానమ్మా, నేనేటి చేసినాను అని గొణుక్కుంటోంది. సత్యశ్రీ వెళ్లి ఆ తడి చేతులు పట్టుకుని, నువ్వేం చెయ్యలేదు అని చెప్పింది.

ఆ తర్వాత డీఎస్పీ వైపు తిరిగి, ఇప్పుడైనా ఉదయ్‌కుమార్‌ని వెనక్కి పిలవండి అంది. నేను చెప్పేదాకా ఎవరూ వైర్‌లెస్ ముట్టుకోవద్దని సాయిశంకర్ అంటూనే ఉన్నాడు. ఆ మాట పూర్తి కాకముందే లోపల హాల్లో వైర్‌లెస్ సెట్టు తనంతట తనే పలికింది. ఉదయ్‌కుమార్ గొంతు. కిటికీలోంచి పెరట్లోకి స్పష్టంగా వినిపించింది.

“సార్, తెల్ల వ్యాను వచ్చింది. అదే వ్యాను. రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాం. ఆగేట్టు లేదు. పిస్టల్ తీశాను సార్.”

రైటరు లోపలికి పరుగెత్తాడు. తప్పుకోమని చెప్పు, రోడ్డు దిగిపొమ్మను అని సత్యశ్రీ కేక వేసింది. జీపు వాకిట్లోనే ఉంది, తాళం దానికే ఉంది. రెండు కిలోమీటర్లు, రెండు నిమిషాలు. నడుముకి చెయ్యి వెళ్లింది. ఖాళీ తొడుగు తగిలింది. చుట్టూ ఉన్న మగాళ్లందరి నడుములకీ పిస్టళ్లు ఉన్నాయి. ఉండి ఏం లాభం. నవంబరు నుంచీ ఆమె వెతుకుతున్న నమ్మకమైన పిస్టల్, ఇరవై మంది దళం మొత్తానికి, ఆ మధ్యాహ్నం ఒక్కటే ఉంది. ఇంకా తొమ్మిది మంచి తూటాలతో, ఇంకా వేడి ఆరకుండా, సాయిశంకర్ నడుముకి ఉంది.

ఆమె ఆయనకి ఎదురుగా వెళ్లి చెయ్యి చాచింది.

“అది ఇటివ్వండి సార్.”

ఆయన చెయ్యి పిస్టల్ పిడి మీదికి వెళ్లింది. ఇవ్వడానికో, దాచుకోవడానికో అక్కడున్న ఎవరికీ తెలియలేదు. కిటికీలోంచి ఉదయ్‌కుమార్ గొంతు మళ్లీ వచ్చింది. ఈసారి చాలా చిన్నగా వచ్చింది.

“సార్... పేలడం లేదు సార్.”

సత్యశ్రీ చెయ్యి ఇంకా చాచే ఉంది. అందులో ఇంకా ఏమీ పడలేదు.